మూడు వంగిన పిన్నులు

జూలై వస్తే లిమాలో సూర్యుడు సెలవు పెడతాడు.
పొద్దున్నించీ వాన కాని వాన,
గొడుగు తెరిస్తే నవ్వుతారు, తెరవకపోతే తడుస్తాం.
విల్సన్ వీధి గ్యాలరీ, మూడో అంతస్తు.
కింద వేయించిన మొక్కజొన్న వాసన,
పైన కాలిన దుమ్ము, కొత్త ప్లాస్టిక్కు.
మా యోనెర్ పిడికిట్లో ఐదువందల నలభై సోళ్లు.
బంగాళాదుంపల బస్తాలు దించి సంపాదించిన నోట్లు,
ఇంకా మన్ను వాసనే వేస్తున్నాయి.

వాడికన్నీ కంఠతా వచ్చు.
ఏ చిప్పుకి ఎన్ని కోర్లు, ఎంత వేడి, ఎంత కరెంటు.
"ఎనిమిది కోర్లదక్కా" అంటాడు
అద్దానికి ముక్కు ఆనించి.
అద్దం మీద వాడి ఊపిరి మచ్చ.

నేను లెక్క అడుగుతాను. నాకు చేతనైంది అదే.
పారేసిన డబ్బా ఒకటి ఇంట్లో ఉంది, పవర్ సప్లైతో సహా.
టీవీయే తెర. సరే.
ఉన్నదంతా చిప్పుకే పోస్తే
బోర్డు ఎక్కడిది, మెమరీ ఎక్కడిది?
గ్రాఫిక్స్ కార్డు ఊసెత్తకు,
అది కొనేలోగా నీ గడ్డం నెరుస్తుంది.
నాలుగు కోర్లది తీసుకో, చవక.
"దాంతో ఆట ఆగి ఆగి నడుస్తుంది,
మన కొండెక్కే బస్సులా."
ఆ బస్సులోనే కదరా రోజూ ఇల్లు చేరుతున్నాం?
"చేరడం వేరక్కా, ఆడటం వేరు."
దీనికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.

దోన్ అబ్దియాస్ మాటల మనిషి కాదు.
మా ఇద్దర్నీ విని విని
సొరుగులోంచి గుడ్డలో చుట్టింది ఒకటి తీశాడు.
ఆరు కోర్లు. బొమ్మలు లోపలే గీసుకుంటుంది.
ఎవరో కింద పడేశారు. సగం ధర.
"లేస్తే మీ అదృష్టం.
లేవకపోతే మీరెవరో నేనెరగను."

తిరగేసి చూశాను.
వెయ్యిన్నీ మూడువందల ముప్పై ఒక్క పిన్నులట.
బంగారు నారుమడి.
ఓ మూల మూడు మొక్కలు మాత్రం పడుకున్నాయి.

పద్నాలుగేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను.
మైనంలో పన్ను నిలబెట్టాలి,
వెంట్రుకంత ఎడమకి, ఊపిరంత కుడికి,
చూడని నోటికి సరిపోయేలా.
మనిషికి ముప్పై రెండే.
ఇన్ని పళ్ళతో ఇది ఏం నములుతుందో ఏమో!
"కొందాం" అన్నాను.
యోనెర్ అద్దం వదిలి నా వంక చూశాడు.

రాత్రి. రేకు మీద మంచు టపటపా.
బల్ల మీద మైనం కత్తి, నా కంటికి భూతద్దం.
వాడు ఫోను లైటు పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతోంది.
ఊపిరి అటు తిప్పి వదలరా.
మొదటిది మాట విన్నది.
రెండోది మొండిది.
కాస్త లేపి, ఆగి,
ఇంకాస్త లేపి, ఆగి,
ఎప్పుడు నిలబడిందో నాకే తెలీలేదు.
మూడోదాని దగ్గర ఎందుకో
ఓ పెద్దాయన గుర్తొచ్చాడు.
సెట్టు విరిచేశానని ఏడుస్తుంటే
బోసి నోటితో నవ్వి, డబ్బిచ్చి వెళ్ళాడు.

టిక్.

అంత చిన్న చప్పుడు.
విరిగిన పిన్ను బల్ల మీద
ఆవగింజలో సగం కూడా లేదు.
పద్దెనిమిది రోజుల బస్తాలు గదిలో నిలబడ్డాయి.
వాడు అరవలేదు. నాకు అదే కష్టమైంది.
"పెట్టి చూద్దాం" అన్నాడు,
ఎవరో పెద్దమనిషి గొంతుతో.

ఫ్యాను తిరిగింది. టీవీ నల్లగా, నల్లగా,
ఇంకా నల్లగా,
ఉన్నట్టుండి తెల్లటి అక్షరాలు!
రెండు మెమరీ పుల్లలు పెడితే
అది ఒక్కదాన్నే గుర్తుపట్టింది.
ఆ ఇరవయ్యో పిన్నో ఇంకోటో
రెండో పుల్ల తలుపు తాళమట.

ఆట నడుస్తోంది.
మలుపుల దగ్గర కాస్త ఆగుతోంది,
ఎవరో దిగేవాళ్ళున్నట్టు.
విరిగినదాన్ని పారెయ్యలేదు నేను.
ఎవరికీ సరిపోని పన్ను ఒకటుంది నా డబ్బాలో,
దాని పక్కన పెట్టాను.

పనిచేసే ఆ ఒక్క చోట
పెద్ద పుల్ల ఒకటి పెట్టాలట.
ఇంకో ఆరు రోజుల దుంపలు.
లెక్క వాడే చెప్పాడు,
నేను అడక్కుండానే.